పాత వ్యాగన్ ఆర్ పెట్రోల్ మీద వణుకుతోంది: ఇంజెక్టర్లు మార్చాలా, కడిగిస్తే చాలా?

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. 2008 వ్యాగన్ ఆర్ డుయో, అంటే పెట్రోల్, ఎల్పీజీ గ్యాస్ రెండిటి మీదా నడిచేది, నాన్నగారి బండి, 1,18,000 కిలోమీటర్లు తిరిగింది. పొద్దున్నే పెట్రోల్ మీద స్టార్ట్ చేస్తే మూడు నాలుగు సెల్ఫులు పడుతోంది. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణుకుతోంది. పెట్రోల్ మీద లీటరుకు 15 ఇచ్చేది 11కి పడిపోయింది. ప్లగ్గులు మార్చారు, థ్రాటిల్ బాడీ కడిగారు, అయినా తగ్గలేదు. ఇప్పుడు మీ మెకానిక్ నాలుగు ఇంజెక్టర్లూ కొత్తవి వేయాలి, 14,000 అవుతుంది అంటున్నాడు. వేయించాలా, కడిగిస్తే సరిపోతుందా అని అడిగావు.

ఇప్పుడే వేయించకు. అవి చెడిపోయాయని ఇంతవరకు ఎవరూ కొలిచి చూడలేదు. కొలవకుండా ఇంజెక్టర్ మార్చడమంటే జ్వరం చూడకుండా మందు వేయడమే. విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఏళ్లకు పైగా ఈ పనే చేస్తున్నాను. మార్చాలని చెప్పి పంపిన ఇంజెక్టర్లలో ఎక్కువ శాతం కడిగితే బాగుపడినవే.

నువ్వు చివర్లో మామూలుగా రాసిన ఒక మాట ఉంది చూడు, "గ్యాస్ మీద మాత్రం బాగానే నడుస్తోంది" అని. అసలు విషయం అంతా అందులోనే ఉంది. గ్యాస్‌ను మండించాలంటే పెట్రోల్ కన్నా బలమైన స్పార్క్ కావాలి. స్పార్క్ ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ గానీ ప్లగ్ వైరు గానీ నీరసపడితే మిస్సింగ్ ముందు గ్యాస్ మీదే కనిపిస్తుంది. కంప్రెషన్ పోయినా, వాల్వులు సరిగ్గా కూర్చోకపోయినా, ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టం, అంటే మ్యానిఫోల్డ్ దగ్గర గాలి పీలుస్తున్నా రెండింటి మీదా వణకాలి. నీ బండి గ్యాస్ మీద నిశ్శబ్దంగా తిరుగుతోందంటే ఇంజన్ లోపలి భాగం, స్పార్క్ రెండూ దాదాపు బాగున్నట్టే. ఇక మిగిలింది ట్యాంకు నుంచి మ్యానిఫోల్డ్ దాకా ఉన్న పెట్రోల్ దారి. అంటే పంపు, ఫిల్టర్, ఇంజెక్టర్లు. ఒక్క పైసా ఖర్చు లేకుండా సగం పరీక్ష నువ్వే చేసేశావు. ఒక్క పెట్రోల్ మీదే నడిచే బండ్లకు ఈ సౌకర్యం లేదు. వాళ్లు ప్లగ్గుల దగ్గర్నుంచి ఒక్కొక్కటి చూసుకుంటూ రావాల్సిందే.

గ్యాస్ బండ్లలో పెట్రోల్ ఇంజెక్టర్లు ఎక్కువగా పూడుకుపోవడానికి కారణం ఉంది. ఇంజెక్టర్ అంటే కరెంటుతో తెరుచుకునే చిన్న కుళాయి. లోపల కాయిల్, స్ప్రింగ్, సూది ఉంటాయి. ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్, కరెంటు ఇచ్చినప్పుడు సూది లేస్తుంది, ఆ లేవడం కూడా వెంట్రుకవాసే. ఐడ్లింగ్‌లో అది తెరిచి ఉండేది రెండు మూడు మిల్లీ సెకన్లు. 800 ఆర్పీఎం దగ్గర నిమిషానికి 400 సార్లు అలా తెరుచుకుని మూసుకుంటుంది. అంత సన్నని దారిలో పలచటి పొర కట్టినా చాలు, లెక్క తప్పుతుంది. ఇంజన్ ఆపగానే బోనెట్ కింద వేడి కాసేపు ఇంకా పెరుగుతుంది. ఇంజెక్టర్ కొస మీద మిగిలిన పెట్రోల్‌లో తేలికపాటిది ఆవిరైపోయి, బరువైనది జిగురులా అంటుకుంటుంది. రోజూ పెట్రోల్ మీద తిరిగే బండిలో తర్వాత వచ్చే పెట్రోల్ దాన్ని కొంత కడుగుతుంది. నీ బండిలో స్టార్టింగుకు, ఎప్పుడో ఒకసారికి తప్ప పెట్రోల్ వాడటం లేదని రాశావు. అంటే వేడి మ్యానిఫోల్డ్ మీద ఆ ఇంజెక్టర్లు రోజంతా ఊరికే కూర్చుని కాగుతున్నాయి. అడుగంటిన పాల గిన్నెలో నీళ్లు పోయకుండా వదిలేస్తే ఏమవుతుందో అదే జరుగుతోంది అక్కడ.

ఒక్క ఇంజెక్టర్ పూడుకుంటే మైలేజీ ఇంత ఎందుకు పడుతుందని చాలామంది అడుగుతారు. తక్కువ పెట్రోల్ పడితే ఖర్చు తగ్గాలి కదా అంటారు. కాలువ మీద నాలుగు తూములు ఉన్నాయనుకో. నాలుగు పొలాల నీళ్లూ కలిసి పోయే మురుగు కాలువ దగ్గర కూర్చుని లస్కరు నీటిమట్టం చూస్తున్నాడు. ఒక తూము పూడుకుంది, మురుగులో నీళ్లు తగ్గాయి. ఏ పొలానికి తగ్గిందో అతనికి తెలియదు, అందుకని నాలుగు తూములూ ఇంకొంచెం ఎత్తుతాడు. పూడిన తూము కింది పొలం ఎండుతూనే ఉంటుంది, మిగతా మూడూ మునుగుతాయి. సైలెన్సర్ దారిలో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ చేసే పని అచ్చం ఇదే. అది నాలుగు సిలిండర్ల పొగనూ కలిపి చూస్తుంది. ఒకదానికి తగ్గితే ఈసీయూ నాలుగింటికీ పెంచుతుంది. ఒకటి మిస్ కొడుతుంటే మిగతా మూడూ అవసరానికి మించి తాగుతాయి. నీ వణుకూ, మైలేజీ పడిపోవడమూ రెండు జబ్బులు కాదు, ఒకటే.

ఇప్పుడు ఇంటి దగ్గర చేసుకోగలిగినవి చెప్తాను.

రేపు పొద్దున్న తాళం తిప్పగానే సెల్ఫ్ కొట్టకు. ఆన్ చేసి రెండు సెకన్లు ఆగు, వెనక సీటు వైపు నుంచి పంపు సన్నగా మూలిగి ఆగుతుంది. ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చెయ్. అలా మూడుసార్లు చేశాక సెల్ఫ్ కొట్టు. ఒక్క సెల్ఫుకే అందుకుందంటే రాత్రంతా లైనులో ప్రెషర్ నిలబడటం లేదన్నమాట. పంపులోని వెనక్కి రానివ్వని వాల్వు పోయి ఉండాలి, లేదా ఏదో ఒక ఇంజెక్టర్ కారుతుండాలి. ఈ రెండిటిలో ఏదో తేల్చడానికి ప్రెషర్ కొలిచే గేజ్ పెట్టాలి. ఈ తరహా బండ్లలో రైల్‌లో, అంటే నాలుగు ఇంజెక్టర్లకూ పెట్రోల్ పంచే గొట్టంలో, ప్రెషర్ సుమారు 3 బార్ ఉంటుంది. ఇంజన్ ఆపాక అది టపటపా పడిపోతుంటే, ట్యాంకు నుంచి వచ్చే పైపు మూసి చూస్తారు. అప్పుడు నిలబడితే తప్పు పంపుది, అప్పుడూ పడిపోతే ఇంజెక్టర్లది.

తర్వాత ఇంజన్ పెట్రోల్ మీద నడుస్తుండగా పొడవాటి స్క్రూడ్రైవర్ కొస ఇంజెక్టర్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకో. ఫ్యాన్ బెల్టుకు మాత్రం దూరంగా ఉండు. నాలుగూ ఒకే తీరున టిక్ టిక్ అనాలి. ఒకటి మందంగా అంటున్నా, అసలు అనకపోయినా గుర్తు పెట్టుకో. ఆ తర్వాత ఒక్కో ఇంజెక్టర్‌కు వైరు తగిలించే కప్లర్ ఊడదీసి మళ్లీ పెట్టు. ఏది తీసినా ఇంజన్ కుంగాలి. ఏది తీసినప్పుడు తేడా తెలియదో ఆ సిలిండర్ ముందు నుంచే పని చేయడం లేదన్నమాట. పాత బండి కదా, కప్లర్ క్లిప్పులు ఎండి పెళుసుబారి ఉంటాయి, బలవంతంగా లాగితే విరుగుతాయి. ఇంజన్ ఆపి, మల్టీమీటర్‌తో ఇంజెక్టర్ రెండు పిన్నుల మధ్య ఓమ్‌లు కూడా చూడు. ఇలాంటి ఇంజెక్టర్లలో సాధారణంగా 11 నుంచి 16 మధ్య వస్తుంది. అంకె ఎంతన్నదాని కన్నా నాలుగూ దగ్గర దగ్గరగా ఉన్నాయా అన్నదే ముఖ్యం. ఒకటి అసలు చూపించకపోతే దాని కాయిల్ తెగిపోయింది, అది కడిగినా బాగుపడదు.

ఫ్యూయల్ ఫిల్టర్ ఎప్పుడు మార్చారో రాయలేదు. గుర్తు లేదంటే మార్చలేదనే అనుకోవాలి. ఇంజెక్టర్లు ముట్టుకునే ముందు అది మార్పించు, పంపు అడుగున ఉండే జల్లెడ కూడా చూడమను. మురికి పైనుంచి వస్తుంటే కింద ఎంత కడిగినా నెల తిరక్కుండా మళ్లీ మొదటికే వస్తుంది.

ఇవన్నీ చూశాక ఇంజెక్టర్ల మీదే అనుమానం నిలిస్తే, నాలుగూ తీయించి ఇంజెక్టర్లు కడిగి కొలిచే బెంచ్ ఉన్న చోటికి తీసుకెళ్లు. మీ ఊళ్లో లేకపోయినా దగ్గర్లోని పెద్ద ఊళ్లో ఉంటుంది. కొత్తది ఒకటి కొనే డబ్బుతో నాలుగూ కడిగించుకోవచ్చు. ఒకటే షరతు, పక్కన నువ్వు నిలబడాలి. ఇచ్చేసి సాయంత్రం వచ్చి తీసుకుపోతానంటే కుదరదు. కడగక ముందు రీడింగ్, కడిగాక రీడింగ్ రెండూ నీ కళ్లతో చూడాలి. కడిగాక మాత్రమే చూపిస్తే ఏది చెడిపోయి ఉండేదో నీకెప్పటికీ తెలియదు.

బెంచ్ మీద ఏం చూడాలో చెప్తాను. నాలుగు ఇంజెక్టర్లనూ వరసగా రైల్‌కు బిగించి, కింద గీతలు కొట్టిన నాలుగు గాజు గొట్టాలు పెడతారు. మొదట ప్రెషర్ మాత్రం ఇచ్చి, కరెంటు ఇవ్వకుండా వదిలేస్తారు. అప్పుడు కొసలు పొడిగా ఉండాలి. నిమిషానికి ఒక చుక్క కన్నా తక్కువ పడితే ఒప్పుకోవచ్చు. చుక్క మీద చుక్క రాలుతుంటే అదే నీ పొద్దుటి తిప్పలకు కారణం. తర్వాత కరెంటు ఇచ్చి, గొట్టాల వెనక లైటు వేసి స్ప్రే చూపిస్తారు. మంచి ఇంజెక్టర్ నుంచి వచ్చేది పొగమంచులా విచ్చుకుంటుంది. పూడినది పక్కకు ఒక తీగలా చిమ్ముతుంది, లేదంటే కొస దగ్గర చుక్క కట్టి కారుతుంది. ఒకసారి చూస్తే ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. చివరగా నాలుగింటికీ ఒకే లెక్కన పల్సులు ఇచ్చి, గొట్టాల్లో ఎంతెంత నిండిందో చూస్తారు.

పోయిన వేసవిలో నీ బండి లాంటిదే ఒక గ్యాస్ వ్యాగన్ ఆర్ వచ్చింది. మొదటి గొట్టంలో 62 మిల్లీలీటర్లు, రెండోదాంట్లో 60, మూడోదాంట్లో 41, నాలుగోదాంట్లో 61. మూడో వంతు తక్కువ పోస్తున్న ఆ మూడోదాని పైన ఉండే చిన్న ఫిల్టర్ లాగి ఓనరు చేతిలో పెట్టాను. గోరు మీద పెట్టుకుంటే గోరంత కూడా ఉండదు. తెల్లగా ఉండాల్సిన జాలీ నానిన టీపొడి రంగులో ఉంది, అడుగున తుప్పు రజను. ధ్వని తరంగాలతో మురికి వదిలించే అల్ట్రాసోనిక్ తొట్టెలో పల్సులు ఇస్తూ పదిహేను నిమిషాల చొప్పున రెండుసార్లు నడిపి, కొత్త ఫిల్టర్లు వేసి మళ్లీ బెంచ్ ఎక్కిస్తే 63, 62, 61, 62 వచ్చాయి. ఆయన కూడా కొత్తవి కొనడానికి డబ్బు తీసుకుని వచ్చినవాడే.

ఆ ఫిల్టర్లు మార్చకుండా కడిగారంటే పని సగమే అయినట్టు. బండిని బట్టి కిట్‌లో ఫిల్టర్, పైన కింద కారకుండా ఆపే రబ్బరు ఉంగరాలు, అంటే ఓ-రింగులు, కొసన తొడుగు వస్తాయి. అడిగి వేయించు.

కడిగాక కూడా మార్చక తప్పనివి ఉంటాయి. కాయిల్ తెగింది, రెండుసార్లు కడిగినా చుక్క ఆగనిది, మిగతావాటితో పోలిస్తే పది శాతం కన్నా తేడా మిగిలినది, బాడీ మీద పగులు ఉన్నది. నాలుగింటి మధ్య తేడా ఐదు శాతం లోపు ఉంటే నాకు తృప్తి. ఒక్కటే చెడితే ఒక్కటే మార్చు, నాలుగూ మార్చాలన్న నియమం ఏమీ లేదు. కాకపోతే బాడీ మీది నంబరు చూసి అదే నంబరుది తీసుకుని, కొత్తదాన్ని కూడా పాత మూడింటి పక్కన బెంచ్ మీద పెట్టించు. చవగ్గా నాలుగు కలిపి అమ్మే సెట్లలో ఒకదానికొకటి పొంతన లేనివి నా బెంచ్ మీద చాలా చూశాను. కొత్త డబ్బాలోంచి తీసినంత మాత్రాన అది సరైనదని కాదు. డబ్బు పెట్టి చెడ్డవి కొని, నీ పాత మంచివి చెత్తలో వేయడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఇక బిగించే పని. దీని గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. ఇక్కడ పొరపాటు జరిగితే బండి ఆగిపోవడంతో పోదు, అంటుకుంటుంది.

2011లో ఒక కారుకు ఇంజెక్టర్లు కడిగి పెట్టాను. ఓ-రింగులు చూడటానికి బాగానే ఉన్నాయి, పాతవే వేసేశాను. మర్నాడు మధ్యాహ్నం ఆయన ఫోన్ చేసి, ఏసీలోంచి పెట్రోల్ వాసన వస్తోంది, పిల్లలు వెనక కూర్చున్నారు అన్నాడు. ఇంజన్ ఆపి అందరినీ దింపమన్నాను. వెళ్లి బోనెట్ ఎత్తి చూస్తే రెండో ఇంజెక్టర్ మెడ దగ్గర నుంచి సన్నటి తుంపర లేస్తోంది. దానికి జానెడు దూరంలోనే వేడి పైపులు. ఎండిపోయిన రబ్బరు బిగించేటప్పుడు అంచు దగ్గర గోరుగిచ్చినంత తెగింది, అంతే. ఆ రోజు ఏమీ కాలేదు. అప్పటి నుంచి ఈ రోజు వరకు పాత ఓ-రింగ్ తిరిగి వేయలేదు, వేస్తుంటే చూస్తూ ఊరుకోలేదు.

అందుకే నువ్వు చేసినా, మెకానిక్ చేసినా ఈ క్రమం తప్పకూడదు. ఇంజన్ చల్లారాక ఫ్యూయల్ పంపు రిలే గానీ ఫ్యూజు గానీ తీసేసి స్టార్ట్ చేస్తే, లైనులో ఉన్న పెట్రోల్ అయిపోయి అదే ఆగిపోతుంది. అప్పుడు బ్యాటరీ నెగటివ్ తీసెయ్. రైల్ విప్పే ముందే మ్యానిఫోల్డ్ చుట్టూ ఉన్న దుమ్మంతా గాలి కొట్టించు, లేకపోతే అది నేరుగా సిలిండర్లోకి పోతుంది. ఇంజెక్టర్లు తీశాక ఆ రంధ్రాలకు శుభ్రమైన గుడ్డ అడ్డం పెట్టు. ఓ-రింగులు పెట్రోల్‌కూ ఇథనాల్‌కూ తట్టుకునే వైటాన్ అనే రబ్బరువి కావాలి. సైజు కుదిరింది కదా అని కుళాయి వాషర్లు అమ్మే కొట్లో తెచ్చింది వేయకూడదు. కొద్దిగా పెట్రోల్ గానీ పలచటి ఆయిల్ గానీ రాసి, నిటారుగా నొక్కుతూ కూర్చోబెట్టు, గ్రీజు వద్దు. రైల్ బోల్టులు పూర్తిగా బిగించక ముందు ఒక్కో ఇంజెక్టర్‌ను వేళ్లతో తిప్పి చూడు. మెత్తగా తిరగాలి. తిరగకపోతే ఓ-రింగ్ మెలిపడినట్టు, మళ్లీ తీసి చూడాల్సిందే.

బ్యాటరీ, రిలే పెట్టాక వెంటనే స్టార్ట్ చేయొద్దు. తాళం మూడు నాలుగుసార్లు ఆన్, ఆఫ్ చేసి ప్రెషర్ ఎక్కించి, టార్చి వేసి ప్రతి ఇంజెక్టర్ పైనా కిందా టిష్యూ కాగితం ఆనించు. ఎక్కడ తడి తగిలినా ఆపెయ్. పక్కన మంట ఆర్పే సిలిండర్ పెట్టుకుని చెయ్, చుట్టుపక్కల ఎవరినీ సిగరెట్ వెలిగించనివ్వకు. స్టార్ట్ అయ్యాక పది నిమిషాలు నడిపి మరోసారి చూడు. బ్యాటరీ తీసి పెట్టావు కాబట్టి ఈసీయూ పాత లెక్కలు మర్చిపోయి ఉంటుంది. మొదటి రోజు ఐడ్లింగ్ కాస్త అటూ ఇటూ అయినా టెన్షన్ పడకు. ముప్పై నలభై కిలోమీటర్లు పెట్రోల్ మీదే తిప్పితే సర్దుకుంటుంది.

ట్యాంకులో పోసే క్లీనర్ సీసాల గురించి కూడా అడిగావు. జిగురు ఇప్పుడిప్పుడే పడుతున్న బండికి పాలీఈథర్ అమీన్ అనే రసాయనం ఉన్న క్లీనర్ కొంత పని చేస్తుంది. చుక్క కారేదాన్నీ, ఫిల్టర్ పూడినదాన్నీ అది బాగుచేయలేదు. నీ బండి ఆ దశ దాటింది. వీడియోల్లో బ్యాటరీ వైర్లు ఆనించి కార్బ్ క్లీనర్ కొడతారు చూడు, దానివల్ల సూది కదలొచ్చు. కానీ 12 ఓల్టులు నేరుగా ఎక్కువసేపు ఇస్తే కాయిల్ కాలిపోతుంది. పైగా చివరికి ఎంత పోస్తోందో తెలియదు, మళ్లీ కొలవని వైద్యమే అవుతుంది.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. నీ 2008 బండి దాని కోసం తయారైంది కాదు. ఇథనాల్ ట్యాంకులో, లైన్లలో ఏళ్ల తరబడి పేరుకున్న పొరను కరిగించి ముందుకు తోస్తుంది, తేమనూ పీలుస్తుంది. పాత రబ్బరు పైపులు ఉబ్బడం, పగలడం కూడా దానివల్ల జరుగుతుంది. ఇంజెక్టర్లు తీసినప్పుడు రైల్‌కు వచ్చే రబ్బరు పైపు కూడా వంచి చూడు. సన్నటి పగుళ్లు కనిపిస్తే అప్పుడే మార్చెయ్. మైలేజీలో కొంత తరుగు ఇథనాల్ వల్ల కూడా ఉంటుంది, లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్‌లో మూడింట రెండు వంతులే. కాబట్టి మళ్లీ నిండుగా 15 రాకపోయినా పని చెడిందనుకోకు. కానీ 15 నుంచి 11కి పడటం ఒక్క ఇథనాల్ చేసేది కాదు.

ఇది చదివి డీజిల్ బండ్లవాళ్లు ఇలాగే చేయబోతారేమోనని ఒక మాట. కామన్ రైల్ డీజిల్‌లో ప్రెషర్ వెయ్యి బార్లు దాటుతుంది. ఇంజన్ నడుస్తుండగా పైపు వదులు చేస్తే ఆ డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. చాలా బండ్లలో ఇంజెక్టర్ మార్చాక దాని కోడ్ ఈసీయూలో ఎక్కించాలి కూడా. పైన చెప్పిందేదీ వాటికి వర్తించదు.

కడిగించాక రోజూ నాలుగైదు కిలోమీటర్లు పెట్రోల్ మీద నడుపు. ఇంటికి చేరే ముందు ఆ కాస్త దూరమైనా చాలు. ట్యాంకులో పావు వంతుకు తగ్గనివ్వకు. లోపలి పంపు చల్లబడేది ఆ పెట్రోల్‌లో మునిగి ఉండటం వల్లే. అడుగంటించి గ్యాస్ మీదే తిప్పే బండ్లలో ఇంజెక్టర్ల తర్వాత పోయేది పంపే.

మీ మెకానిక్‌తో గొడవ పెట్టుకోకు. ఆయన దగ్గర బెంచ్ లేదు కాబట్టి తెలిసిన దారి చెప్పాడు. ఇంజెక్టర్లు ఆయనతోనే తీయించి, ఏది ఏ సిలిండర్‌దో మార్కర్‌తో 1, 2, 3, 4 అని రాయించి తీసుకెళ్లు. కడగక ముందు నాలుగు అంకెలు, కడిగాక నాలుగు అంకెలు, చుక్క పడిందా లేదా, ఇవి కాగితం మీద రాయించుకుని నాకు చెప్పు. అప్పుడు కొత్తవి కావాలో వద్దో, కావాలంటే ఎన్ని కావాలో ఖచ్చితంగా చెప్తాను.